సోఫా, వంటగట్టు, కిటికీ: బాబు ఎక్కని చోటు లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: కొండాపూర్ అమ్మ

అందరికీ నమస్కారం. మా బాబుకు ఇప్పుడు 19 నెలలు. మేము కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంటు అయిదో అంతస్తులో, రెండు పడకగదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం. నడక వచ్చిన కొత్తలో వాడు సోఫా ఎక్కి కూర్చుంటే ఇంటిల్లిపాదీ మురిసిపోయి చప్పట్లు కొట్టాం గానీ, ఇప్పుడు వాడు ఎక్కని వస్తువంటూ ఇంట్లో మిగల్లేదు. సోఫా చేతి మీద కాలు పెట్టి వీపు మీదికి, అక్కడి నుంచి కిటికీ గట్టు మీదికి చేరి, పక్కకు జరిపే అద్దం తలుపు గడియను రెండు చేతులతో పట్టుకుని ఊపుతుంటాడు. ప్లాస్టిక్ కుర్చీని హాలు ఈ చివర నుంచి బరబరా ఈడ్చుకుంటూ వెళ్లి వంటగట్టుకు ఆనించి ఎక్కుతాడు. కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి పేర్చి బాల్కనీలో పెట్టేస్తే, స్నానాల గదిలోని బకెట్టు తెచ్చి బోర్లించడం నేర్చుకున్నాడు. ఇక టీవీ కింది అల్మరా సొరుగులను, కిందిది ఎక్కువగా పైది తక్కువగా లాగి, మెట్లు చేసుకుని ఎక్కడం చూసిన రోజున నాకు నిజంగానే గుండె జారిపోయింది. ఆ అల్మరా ముందుకు కదలడం నేను కళ్లారా చూశాను.

నేను వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తాను. ఆ సమయంలో వాడిని కనిపెట్టుకుని ఉండేది మా అత్తయ్య. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, వాడి వెంట పరుగెత్తడం ఆవిడ వల్ల కాదు. "వద్దు, దిగు" అని అరిస్తే వాడు మా వైపు చూసి నవ్వి ఇంకాస్త పైకి వెళ్తాడు. బంధువుల్లో ఒకరు గట్టిగా ఒకటి తగిలిస్తే భయం ఉంటుందని అంటారు, మరొకరు ఇది హైపర్ యాక్టివిటీ ఏమో డాక్టరుకు చూపించమని అంటారు. ఈ వయసుకు ఇది మామూలేనా, అద్దె ఇంట్లో ముందుగా దేన్ని సరిచేసుకోవాలి, అరవకుండా వాడిని దింపే మార్గం ఏమైనా ఉందా అన్నవి తెలిసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: మల్కాజిగిరి అమ్మమ్మ

అమ్మా, మనవలను పెంచిన అనుభవంతో చెబుతున్నాను. ఎక్కడం మాన్పించాలని చూడకండి, దిగడం నేర్పండి. ఎక్కడం ఎవరూ నేర్పకపోయినా వస్తుంది గానీ, దిగడం నేర్పితే తప్ప త్వరగా రాదు, వచ్చేలోపు తల ముందుకు పెట్టి దూకుతారు. మంచం మీద బోర్లా పడుకోబెట్టి, అంచు వైపుకు కాళ్లు తిప్పి, పాదం నేలకు తగిలేదాకా నడుము దగ్గర చెయ్యి ఆనించి ఉంచుతూ, "వెనక్కి తిరుగు, కాళ్లు ముందు" అని చెప్పండి. ఇంట్లో ఎవరు దింపినా ఇవే మాటలు వాడాలి. కొంతకాలానికి మీ అత్తగారు కూర్చున్న చోటి నుంచే ఆ మాట అంటే చాలు, వాడే తిరుగుతాడు.

ఇంట్లో ఉన్నప్పుడు మేజోళ్లు, పాదాల కిందికి వచ్చే పైజామాలు వేయకండి, ఈ టైల్సు మీద జారతారు. మెడలో గొలుసు గానీ తాయెత్తు దారం గానీ ఉంటే తీసేయండి, పైనుంచి జారేటప్పుడు అది ఏ తలుపు పిడికో తగులుకుంటే ఉరి పడుతుంది. పాత చున్నీని నడుముకు చుట్టి మంచం కోడుకు కట్టేయమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట మాత్రం వినకండి.

జవాబు: నాచారం ఇంటీరియర్స్

నేను ఇళ్లకు చెక్కపని చేయించే వృత్తిలో ఉన్నాను కాబట్టి వస్తువుల గురించి మాత్రమే చెబుతాను. మీ ప్రశ్నలో కుర్చీలన్నీ పేర్చి బాల్కనీలో పెట్టామని రాశారు. దయచేసి ఈ జవాబు పూర్తిగా చదవకముందే వాటిని అక్కడి నుంచి తీసేయండి. మన అపార్ట్‌మెంట్లలో బాల్కనీ రెయిలింగు సాధారణంగా ఒక మీటరు, అంతకు కాస్త అటూ ఇటూ ఎత్తు ఉంటుంది. ఆ ఎత్తు నేల మీద నిలబడిన మనిషిని లెక్కలో పెట్టుకుని కట్టినది. దాని పక్కన కుర్చీ, వాషింగ్ మెషీను, పూలకుండీల స్టాండు, ఎండాకాలంలో కూలరు చేరిందంటే పిల్లవాడికి రెయిలింగు ఎత్తు సగానికి పడిపోతుంది. మీ ఇంట్లో అన్నిటికంటే ముందు సరిచేయవలసింది బాల్కనీ, రెండోది సోఫా పక్కనున్న కిటికీ, మూడోది ఆ అల్మరా. మిగిలినవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

కిటికీ విషయానికి వస్తే, సోఫాను ఎదురు గోడకు మార్చడానికి పైసా ఖర్చు లేదు. కిటికీకి ఉన్న జాలీ దోమలను ఆపడానికే బిగిస్తారు, పిల్లవాడు ఆనుకుంటే ఫ్రేముతో సహా ఊడి వస్తుంది. పావురాల కోసం కట్టించే నైలాను వల సంగతీ అంతే. హైదరాబాదులో దాదాపు ప్రతి బాల్కనీకీ ఆ వల ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని చూసి ధైర్యంగా ఉంటారు, కానీ చిన్న కొక్కేలకు కట్టి ఎండకు ఎండి వానకు తడిసే ఆ దారాన్ని పిల్లవాడి బరువును ఆపే వస్తువుగా నేను ఎప్పుడూ లెక్కించను. అద్దె ఇల్లు కాబట్టి, జరిపే తలుపు పట్టాలో బిగించే చిన్న తాళం పెట్టించండి. అది తలుపును 10 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తెరుచుకోనివ్వకూడదు, ఎందుకంటే అంతకు మించిన సందులో నుంచి పిల్లవాడి శరీరం దూరిపోగలదు. ఇనుప గ్రిల్లు ఉన్న కిటికీలకైనా ఊచల మధ్య సందుకు ఇదే కొలత. అడ్డ ఊచల గ్రిల్లు అయితే కాలు పెట్టి ఎక్కడానికి వీలిస్తుంది కాబట్టి, కొత్తగా చేయించుకునేవారు నిలువు ఊచలే అడగండి. ఇప్పుడు ఇన్విజిబుల్ గ్రిల్లు పేరుతో సన్నని స్టీలు తీగలు బిగిస్తున్నారు, బాగానే ఉంటాయి. తీగకూ తీగకూ మధ్య ఎడం ఎంత, అవి దేనికి బిగుస్తాయి అన్నది అడిగి తెలుసుకున్న తర్వాతే ఒప్పుకోండి.

అల్మరా ముందుకు కదిలిందంటే ఆ రోజు మీకు అదృష్టం కలిసొచ్చిందనే అర్థం. సొరుగులు మూసి ఉన్నప్పుడు బరువంతా అల్మరా అడుగు మీదే నిలుస్తుంది. రెండు మూడు సొరుగులు బయటికి వచ్చి, వాటి అంచున పిల్లవాడు నిలబడితే బరువు ముందు కాళ్లను దాటి బయటికి వెళ్తుంది, అప్పుడు అది పడక తప్పదు, పైనున్న టీవీ కూడా దాంతోపాటే వస్తుంది. అమెరికాలో ఇలాంటి మరణాలు జరిగిన మీదట 2022 డిసెంబరులో స్టర్డీ అనే చట్టం తెచ్చారు. దాని ప్రకారం 27 అంగుళాలు, అంతకంటే ఎత్తున్న బట్టల అల్మరాలను, సొరుగులు నిండుగా ఉన్నప్పుడూ, ఒకటికి మించి తెరిచి ఉన్నప్పుడూ, 60 పౌండ్ల వరకు, అంటే సుమారు 27 కిలోల వరకు, బరువుండే పిల్లలు ఎక్కినా నిలబడతాయో లేదో పరీక్షించాలి. 2023 సెప్టెంబరు 1 నుంచి అది అక్కడ అమలవుతోంది. మన దగ్గర అలాంటి అల్మరాలే కొంటున్నాం గానీ, గోడకు బిగించమని పెట్టెలో ఇచ్చిన పట్టీని మాత్రం పారేస్తున్నాం.

గోడకు బిగించేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మొదటిది, స్క్రూ అల్మరా వెనకనున్న పల్చటి రేకు ప్లైవుడ్డులోకి కాకుండా, పై అంచున ఉండే గట్టి చట్రంలోకి దిగాలి. పల్చటి చెక్కకు బిగిస్తే ఒక్క గుంజుకు ఊడుతుంది. రెండోది గోడ రకం. పాత ఇళ్లలోని ఎర్ర ఇటుక గోడకు మామూలు గిట్టీ, అంటే స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దించే ప్లగ్గు, పెట్టి స్క్రూ తిప్పితే గట్టిగానే పట్టుకుంటుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో కొన్నిటికి గోడలన్నీ కాంక్రీటువే, వాటికి హ్యామర్ డ్రిల్లు ఉన్న మనిషిని పిలవాలి. తేలికపాటి తెల్ల బ్లాకుల గోడ అయితే మామూలు గిట్టీ కొన్నాళ్లకే వదులైపోతుంది కాబట్టి, ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవాటి ప్లగ్గులు హార్డ్‌వేరు దుకాణంలో అడిగి తీసుకోవాలి. రాణిగంజ్ వైపు వెళ్తే ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఇనుప బీరువా ముందు కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి వెనక్కి వాల్చడం మన ఇళ్లలో మామూలే, అది కొంత మేలే గానీ గోడకు బిగించడానికి బదులు కాదు.

జవాబు: పిల్లల డాక్టరు, హిమాయత్‌నగర్

అమ్మా, ముందుగా మీ బంధువుల సందేహం తీరుస్తాను. సోఫా గానీ కుర్చీ గానీ ఒకరి సాయం లేకుండా ఎక్కి దిగడాన్ని, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అయిన సీడీసీ వారు 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో 18 నెలల పిల్లలు చేయగలిగే పనుల్లో ఒకటిగా పేర్కొన్నారు. అంటే మీ బాబు వయసుకు తగిన పనే చేస్తున్నాడు. మీ బంధువులు హైపర్ యాక్టివిటీ అంటున్న ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత లోపించి అతి చురుకుగా ఉండే సమస్య, ఉందా లేదా అని పరీక్షించడం గురించి అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలే నాలుగేళ్ల వయసు నుంచి మొదలవుతాయి. కాబట్టి ఎక్కడం ఒక్కటే చూసి 19 నెలల పిల్లవాడికి ఆ పేరు పెట్టడం తొందరపాటు. పిలిస్తే పలుకుతున్నాడా, మాటలు వస్తున్నాయా, మీ కళ్లలోకి చూసి నవ్వుతున్నాడా అన్నవి సరిగ్గా ఉంటే ఎక్కడం గురించి బెంగ అక్కరలేదు. వాటిలో ఏదైనా లోపం కనిపిస్తే అప్పుడు తప్పక చూపించండి.

కొట్టడం వల్ల భయం పుడుతుందేమో గానీ, అది కుర్చీ మీద కాదు, మీ మీద. మీరు గదిలో లేనప్పుడు ఆ భయం వాడికి గుర్తుండదు. ఇంట్లో వారంతా ఒక్కసారిగా కేకలు వేసి పరుగెత్తుకు రావడం వాడికి మంచి వినోదం, అందుకే నవ్వి పైకి వెళ్తున్నాడు. పైగా "ఎక్కొద్దు" అన్న మాటలో ఏం చేయాలో వాడికి తెలిసేది ఏమీ లేదు. "కింద కూర్చో", "కాళ్లు ముందు" అనండి. మాటకు దిగకపోతే దగ్గరికి వెళ్లి, ముఖంలో కోపం గానీ నవ్వు గానీ లేకుండా, ఏమీ మాట్లాడకుండా దింపి, ఎక్కడానికి మీరు అనుమతించిన చోటికి తీసుకెళ్లండి. ఇంటి నిండా వద్దులు పెట్టుకుంటే ఏ ఒక్కటీ నిలవదు. వంటగట్టు, కిటికీ, బాల్కనీ, ఈ మూడింటికే వద్దు అని పెట్టుకుని, ఆ మూడింటి దగ్గర ఎవరూ ఏ రోజూ సడలించకండి. వంటగట్టు దగ్గర పడిపోవడం కంటే కాలడం గురించే నాకు ఎక్కువ దిగులు. పాలగిన్నె, పప్పుచారు, అప్పుడే దించిన కుక్కరు ఏదైనా వాడి చేతికి అందే దూరంలోనే ఉంటాయి. మీరు వంట చేసేటప్పుడు వంటగది గుమ్మానికి గేటు ఉండి తీరాలి, దానికి కూడా నిలువు కడ్డీలే ఉండాలి.

పడటం గురించి. నడిచే వయసు పిల్లలు ఎంత పడతారో పెద్దలు ఊహించలేరు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 12 నుంచి 19 నెలల పిల్లలను ఆడుకుంటుండగా గమనించి 2012లో ప్రచురించిన పరిశోధనలో, వాళ్లు గంటకు సగటున 2,368 అడుగులు వేసి 17 సార్లు పడినట్టు తేలింది. నేల మీద పడిన పాటు చాలావరకు ఏమీ చేయదు. ఎత్తు పెరిగిన కొద్దీ లెక్క మారుతుంది, ఎందుకంటే ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది, అదే ముందు నేలకు తగులుతుంది. రెండేళ్లలోపు పిల్లల విషయంలో 3 అడుగులకు, అంటే 90 సెంటీమీటర్లకు మించిన ఎత్తు నుంచి పడటాన్ని మేము తీవ్రమైన పాటుగా లెక్కిస్తాం. మన వంటగట్లు సరిగ్గా ఆ ఎత్తుకు దగ్గరలోనే ఉంటాయి, వాటి మీద నిలబడితే తల ఇంకెంత ఎత్తులో ఉంటుందో మీరే ఆలోచించండి.

నుదుటి మీద బొప్పి కట్టి, కాసేపు ఏడ్చి, మళ్లీ ఆటలో పడితే ఇంట్లోనే గమనిస్తూ ఉండవచ్చు. తల పక్క భాగంలోనో వెనకనో మెత్తగా వాపు కనిపిస్తే మాత్రం, పిల్లవాడు బాగానే ఉన్నట్టు అనిపించినా చూపించాలి. స్పృహ తప్పడం, పదేపదే వాంతులు, ఫిట్స్, లేపినా సరిగ్గా లేవని మగత, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం గానీ నీరు గానీ కారడం, ఒక చెయ్యో కాలో కదపకపోవడం, తల్లిని కూడా పోల్చుకోనట్టు ప్రవర్తించడం, వీటిలో ఏది ఉన్నా ఎదురుచూడకుండా 108కి ఫోను చేయండి. ఏడ్చి అలసి నిద్రపోవడం మామూలే, బలవంతంగా మేలుకొలిపి ఉంచనక్కరలేదు, మధ్యలో లేపితే ఎప్పటిలా స్పందిస్తున్నాడా అన్నది చూసుకుంటే చాలు. పిల్లల అత్యవసర విభాగం, సీటీ స్కాను రెండూ ఉన్న ఆసుపత్రి మీకు దగ్గరలో ఏదో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి. సాయంత్రం కొండాపూర్ ట్రాఫిక్కులో చిక్కుకున్నాక వెతుక్కునే పని అది కాదు.

ఇంకా నడక రాని పిల్లలున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: వాకర్ కొనకండి. అది నడక నేర్పదు సరికదా, చేరకూడని చోటికి త్వరగా చేరుస్తుంది. కెనడాలో 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించారు.

జవాబు: సైనిక్‌పురి నాన్న

అందరూ ఎక్కకూడని చోట్ల గురించి రాశారు, నేను ఎక్కదగిన చోటు గురించి రాస్తాను. అది లేకపోతే పై జాగ్రత్తలన్నీ తీసుకున్నా వాడు ఇంకో బకెట్టు వెతుక్కుంటాడు.

హంగరీ దేశానికి చెందిన ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల వైద్యురాలు 1946 నుంచి బుడాపెస్ట్‌లో ఒక అనాథ శిశువుల గృహాన్ని నడిపారు. పిల్లవాడు తనంతట తాను చేరలేని భంగిమలో గానీ ఎత్తులో గానీ పెద్దలు వాడిని పెట్టకూడదన్నది ఆవిడ పాటించిన ప్రధాన నియమం. తన బలంతో ఎక్కినవాడికి తన పట్టు ఎంతో తెలుస్తుంది, ఎవరో ఎత్తి కూర్చోబెట్టినవాడికి తెలియదు. అందుకే అమ్మమ్మగారు చెప్పిన దిగే పద్ధతి మా ఇంట్లోనూ బాగా పనిచేసింది గానీ, నడుము దగ్గర చెయ్యి ఆనించడం కొద్ది రోజుల్లోనే మానేసి, చెయ్యి దగ్గరలో ఉంచి తాకకుండా ఉండటం మంచిదని నా అభిప్రాయం. పిక్లర్ పేరుతోనే చెక్కతో చేసిన త్రికోణపు నిచ్చెనలు ఇప్పుడు ఆన్‌లైనులో అమ్ముతున్నారు. డబ్బు, చోటు రెండూ ఉంటే కొనండి, లేకపోతే ఏ నష్టమూ లేదు.

మేము చేసింది ఇది. పాత దూది పరుపును సగానికి మడిచి హాలు మధ్యలో, గోడలకూ టీపాయి అంచులకూ దూరంగా వేశాం, దాని పక్కన దివాను దిండ్లు ఎత్తుపల్లాలుగా పేర్చాం. దూది పరుపు స్పాంజి పరుపులా అడుగు కిందికి పోనివ్వదు, కాలు నిలుస్తుంది. "ఇది ఎక్కు" అని చూపించడానికి ఒక చోటు ఉండటంతో "అది ఎక్కొద్దు" అన్న మాటకు విలువ వచ్చింది. మీ ఆఫీసు కాల్స్ మొదలయ్యే ముందు అరగంట అక్కడ వదిలితే మీ అత్తగారికి ఆ తర్వాత కాస్త తెరిపి దొరుకుతుంది.

బయటి సంగతికి వస్తే, ఎక్కడానికి ఈ ఊళ్లో ఉన్నంత సదుపాయం ఇంకెక్కడ ఉంటుంది చెప్పండి? దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాళ్ల మీద కట్టుకున్న నగరం మనది. మా పాప మోకాలి ఎత్తుకు మించని, నున్నగా ఒరిగి ఉన్న ఒక రాయిని పార్కులో ఎంచుకుని, చెప్పులు విప్పి ఉత్త పాదాలతో ఎక్కనిచ్చేవాణ్ని. రాయి గరుకుకు కాలి వేళ్లు ఎలా ముడుచుకుని పట్టుకుంటాయో చూస్తే ముచ్చట వేస్తుంది. ఇందిరా పార్కుకో సంజీవయ్య పార్కుకో సెలవు రోజుల్లో వెళ్లినా, మిగతా రోజుల్లో మీ కాలనీ పార్కే చాలు. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం పొద్దున్నే వెళ్లి వచ్చేయాలి, ఎండెక్కాక రాయి గానీ ఇనుప జారుడుబల్ల గానీ ముందు మీ అరచేత్తో తాకి చూడకుండా పిల్లవాణ్ని దాని మీదికి పంపకండి.

జవాబు: మల్కాజిగిరి అమ్మమ్మ

బాబూ, మీ నియమం బాగానే ఉంది. కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఒక్కతే కాపలా ఉన్న ఇంట్లో, వాడు దిగడంలో కుదురుకునే దాకా చెయ్యి ఆనించి ఉండటమే మేలు. పట్టు తప్పితే ఆవిడ అందుకోలేదు.

కొండాపూర్ అమ్మ

అందరికీ ధన్యవాదాలు. కుర్చీలు బాల్కనీ నుంచి తీసి పై అటక మీద పెట్టించాం, సోఫాను ఎదురు గోడకు మార్చాం, కిటికీ తాళానికి ఇంటి ఓనరుగారు ఒప్పుకున్నారు. టీవీ ఉన్న గోడకు కొత్తగా వాల్‌పేపరు వేయించారట, దానికి డ్రిల్లు పెట్టడానికి మాత్రం ససేమిరా అంటున్నారు. నాచారం వారు దీనికి ఏదైనా ఉపాయం చెప్పగలరా? ఇంకొక సంగతి, వాడు నిద్ర లేవగానే తొట్టి మంచం కటకటాల మీదుగా కాలు వేయడం మొదలుపెట్టాడు. దాన్ని మార్చాలా?

జవాబు: పిల్లల డాక్టరు, హిమాయత్‌నగర్

మార్చండి. పిల్లవాడి ఎత్తు 35 అంగుళాలకు చేరినా, నిలబడినప్పుడు కటకటం వాడి రొమ్ముల కంటే కిందికి వచ్చినా, లేక మీరు చెప్పినట్టు కాలు పైకి వేస్తున్నా, ఆ మంచం కాలం అయిపోయినట్టే. నేల మీద పరుపు వేసి పడుకోబెట్టండి, గది తలుపు తెరుచుకుంటే మీకు వినిపించేలా చూసుకోండి.

జవాబు: నాచారం ఇంటీరియర్స్

డ్రిల్లు పెట్టనివ్వకపోతే ఆ అల్మరాను ఆ గోడకు ఉంచకండి, ఓనరుగారు అభ్యంతరం చెప్పని పడకగది గోడకు మార్చి అక్కడ బిగించండి. టీవీని అల్మరా మీది నుంచి తీసి, వెడల్పుగా, మోకాలి ఎత్తులో ఉండే సొరుగులు లేని బల్ల మీద వెనక్కి జరిపి పెట్టండి, దాన్ని పట్టీతో ఆ బల్లకే బిగించవచ్చు, గోడ ముట్టుకోనక్కరలేదు. మార్చడానికి కుదిరేదాకా కింది రెండు సొరుగులను పూర్తిగా బయటికి తీసి మంచం కింద పెట్టేయండి, బరువైన వస్తువులు ఏవైనా పై సొరుగుల్లో ఉంటే ఖాళీ చేయండి. రిమోటు, బొమ్మలు, బిస్కెట్ల డబ్బా లాంటివి అల్మరా పైన ఉంచకండి, చాలాసార్లు పిల్లలు ఎక్కేది వాటి కోసమే. ఓనరుగారికి ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పుట్టీతో పూడ్పించి ఇస్తామని రాసిస్తే పడకగది గోడకు ఒప్పుకోవచ్చు. బిగించిన తర్వాత పై అంచు పట్టుకుని మీరే ఒకసారి గట్టిగా ముందుకు గుంజి చూసి, స్క్రూ ఏమాత్రం కదిలినా ఆ మనిషి వెళ్లిపోకముందే మళ్లీ వేయించండి.